ఎడారి తాబేలు ఆరోగ్యం ఒక్క పరీక్షతో తేలదు

అమెరికాలోని మొహావీ ఎడారిలో, కాలిఫోర్నియా సిటీ దగ్గర తాబేళ్ల కోసమే కేటాయించిన రక్షిత ప్రాంతం ఒకటుంది. 1980ల చివర్లో అక్కడ ముక్కు కారుతూ, కళ్లు వాచిన తాబేళ్లు, వాటితోపాటు ఖాళీ చిప్పలు ఎక్కువగా కనబడటం మొదలైంది. 1990లో ఫెడరల్ ప్రభుత్వం ఈ తాబేలును ముప్పున్న జాతుల జాబితాలో చేర్చడానికి ఈ జబ్బు కూడా ఒక కారణం. మైకోప్లాస్మా అగసిజీ అనే బ్యాక్టీరియా వల్ల ఇది వస్తుందని 1994లో ప్రయోగాల్లో తేలింది.

కారణం దొరికాక పరీక్ష మీద నమ్మకం పెరిగింది. లాస్ వెగాస్ చుట్టుపక్కల ఇళ్ల నిర్మాణానికి అడ్డొచ్చాయని తరలించిన తాబేళ్లలో, రక్తంలో యాంటీబాడీలు (క్రిమిని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే పదార్థాలు) కనిపించినవాటిని చంపేసిన రోజులున్నాయి. ఇది చాలా బాధ కలిగించే విషయం. యాంటీబాడీ ఉందంటే ఎప్పుడో ఒకసారి ఆ క్రిమి సోకి ఉండొచ్చు. ఇప్పుడు జబ్బుతో ఉందని దానర్థం కాదు. పైగా క్రిమి సోకకపోయినా దానికి స్పందించే సహజ యాంటీబాడీలు కొన్ని తాబేళ్లలో ఉంటాయని నెవాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు తర్వాత చూపించారు. ముక్కులోంచి నమూనా తీసి, క్రిమి జన్యు పదార్థం కోసం వెతికే పీసీఆర్ పరీక్షకూ పరిమితులున్నాయి. క్రిమి కొద్దిగా ఉన్నప్పుడు దొరక్కుండా పోవచ్చు. ముక్కు కారడం కూడా కొన్నాళ్లు కనిపించి, మళ్లీ తగ్గిపోతుంది.

అసలు తాబేలు కంటపడటమే కష్టం. బతుకులో దాదాపు 95 శాతం అది బొరియలోనే ఉంటుంది. చేత్తో పట్టుకుంటే భయంతో మూత్రం వదిలేస్తుంది. ఎండాకాలం గట్టెక్కడానికి అది మూత్రాశయంలో దాచుకున్న నీళ్లవి. కరువు ఏడాదిలో ఆ నష్టం ప్రాణం మీదకు రావచ్చు. అందుకే ఎండ ముదిరితే ముట్టుకోకూడదు. జబ్బు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటకుండా ఒక్కో తాబేలుకూ గ్లవ్స్ మార్చాలి. ఇంత ఇబ్బంది పెట్టి తెలుసుకున్నది పాజిటివా నెగటివా అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతే దండగే. పొడవుకు తగ్గ బరువుందా, కళ్లు ఎలా ఉన్నాయి, ఆ ఏడాది వానలు పడ్డాయా, తినడానికి మొక్కలున్నాయా అన్నవీ దాని పక్కనే రాసి చదవాలి.

ఫోర్ట్ ఇర్విన్ సైనిక శిక్షణ స్థలం విస్తరణ కోసం 2008లో ఆరోగ్య పరీక్షలు చేసి మరీ వందల తాబేళ్లను తరలించారు. కరువుతో మామూలు ఆహారం తగ్గిన కయోటీలు (తోడేలు లాంటి జంతువులు) చాలావాటిని చంపేశాయి. తరలించినవీ, అక్కడే ఉన్నవీ ఇంచుమించు ఒకే స్థాయిలో చనిపోయాయి. జబ్బు లేదని తేలిన తాబేలు బతుకుతుందన్న హామీ ఏమీ లేదని అక్కడే అర్థమైంది.

అలాగని పరీక్షలు వదిలేయమనడం లేదు. పెంపుడు తాబేళ్లను ఎడారిలో వదిలితే జబ్బు అక్కడి తాబేళ్లకు చేరే ప్రమాదం నిజం. మన దగ్గర స్మగ్లర్ల నుంచి పట్టుకున్న నక్షత్ర తాబేళ్లను అడవిలో వదిలేటప్పుడూ ఈ ప్రశ్న వేసుకోవాలి. సంచుల్లో కుక్కి తెచ్చినవి ఒకదాన్నుంచి ఇంకోదానికి ఏం అంటించుకున్నాయో పైకి కనబడదు.

ఈ జాతి ఈడుకు రావడానికే 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. కాబట్టి తాబేళ్లను తరలించి ఎడారిలో సోలార్ ప్లాంటు కట్టడానికి అనుమతిచ్చేవాళ్లు తరలింపు నాటి పరీక్ష కాగితంతో సరిపెట్టకూడదు. రేడియో ట్రాన్స్‌మిటర్ అతికించిన అవే తాబేళ్లను మంచి వానల్లోనూ కరువులోనూ ఏళ్ల తరబడి చూసే ఖర్చును కంపెనీ భరించాలని ఒప్పందంలోనే రాయాలి.