బౌండరీ మైకు మీటింగ్ టేబుల్ కోసమే అన్న మాట నిజం కాదు

బౌండరీ మైకు అంటే నేలకో గోడకో టేబుల్‌కో ఆనించి పెట్టే చదునైన మైకు. దాని గురించి రికార్డింగ్ చేసేవాళ్ల మధ్య ఈమధ్య ఒక మాట తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "బౌండరీ మైకులు మీటింగుల కోసం చేసినవి. మామూలు కండెన్సర్ మైకును (స్టూడియోల్లో వాడే సున్నితమైన రకం) నేలమీద పడుకోబెట్టినా అదే శబ్దం వస్తుంది. వాటిలో బేస్ ఉండదు, గదిలో ఉన్న శబ్దమంతా లాగేస్తాయి, స్టీరియోకి పనికిరావు. కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) లోపల తప్ప మ్యూజిక్‌లో వాటికి చోటు లేదు." చదివి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఇది నమ్మి, చేతిలో ఉన్న మంచి మైకును తీసి పెట్టెలో పడేస్తున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"మీటింగుల కోసం చేసినవి." ఈ మైకు వెనక ఉన్న ఇద్దరు ఎడ్ లాంగ్, రాన్ వికర్‌షామ్. లాంగ్‌కి స్పీకర్ల డిజైన్‌లో పేరుంది, వికర్‌షామ్ అలెంబిక్ అనే బేస్ గిటార్ల కంపెనీని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. 1970ల చివర్లో వాళ్లు రూపమిచ్చిన ఆలోచనను క్రౌన్ కంపెనీ 1980 ప్రాంతంలో పీజడ్‌ఎమ్, అంటే ప్రెషర్ జోన్ మైక్రోఫోన్, అనే పేరుతో అమ్మకానికి తెచ్చింది. సంగీతం మధ్య పనిచేసినవాళ్ల చేతుల్లోంచి వచ్చిన వస్తువు అది. టేబుల్ మీద కూడా బాగా పనిచేస్తుంది కాబట్టి మీటింగ్ హాళ్లవాళ్లు తీసుకున్నారు.

"కండెన్సర్‌ని నేలమీద పడుకోబెట్టినా అదే." ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. వాయిద్యం 1 మీటరు ఎత్తులో ఉంది, స్టాండ్ మీద మైకు కూడా అంతే ఎత్తులో ఉంది, మధ్య దూరం 2 మీటర్లు, కింద గట్టి నేల అనుకోండి. నేరుగా వచ్చే శబ్దం 2 మీటర్లు ప్రయాణిస్తే నేలను తాకి వచ్చేది దాదాపు 2.83 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే అది 2.4 మిల్లీసెకన్లు వెనకబడి వస్తుంది. దాంతో 207 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మళ్లీ 620 దగ్గర, మళ్లీ 1035 దగ్గర, ఇలా పైదాకా దువ్వెన పళ్లలా గుంటలు పడతాయి. లోతు ఒక్కోటి 10 డీబీ (డెసిబెల్, శబ్దం మోతాదు కొలత) దాకా ఉండొచ్చు. వాయించే మనిషి అటూ ఇటూ కదిలితే ఆ గుంటలూ కదులుతాయి, ఇక ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే తగ్గించే సాధనంతో) ఏం సరిచేస్తాం?

బౌండరీ మైకులో డయాఫ్రమ్, అంటే శబ్దానికి కంపించే పల్చని పొర, పలకకు మిల్లీమీటరు దూరంలోనో, పలకతో సమంగానో ఉంటుంది. నేరుగా వచ్చేదీ, తగిలి తిరిగేదీ ఒకేసారి చేరతాయి కాబట్టి కొట్టేసుకోవడం పోయి కలుస్తాయి, 6 డీబీ అదనంగా వస్తుంది. ఆ అదనం శబ్దం నుంచే వస్తుంది, ప్రీఆంప్‌ని (మైకు సిగ్నల్‌ని పెంచే పరికరాన్ని) పెంచి తెచ్చుకున్నది కాదు, అందుకని హిస్, అంటే వెనక వినిపించే సన్నని బుసబుస, పెరగదు. పడుకోబెట్టిన పెద్ద కండెన్సర్‌లో డయాఫ్రమ్ నేలకు మూడు నాలుగు సెంటీమీటర్ల పైన ఉంటుంది. పైనుంచి వచ్చే శబ్దానికి ఆ కాస్త ఎత్తే చాలు, 2.4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో, అంటే సరిగ్గా మాట స్పష్టంగా వినిపించే చోట, గుంట పడిపోతుంది. మిల్లీమీటరు ఎత్తయితే ఆ గుంట 80 కిలోహెర్ట్జ్ దాటి, మన చెవికి అందనంత పైకి వెళ్లిపోతుంది. అయితే చిన్న లేవలియర్ మైకును (చొక్కాకి తగిలించుకునే రకం) నేలకు ఆనించి టేపు వేస్తే మాత్రం అది నిజంగానే బౌండరీ మైకుగా పనిచేస్తుంది, అది నేనూ చేస్తాను.

"బేస్ ఉండదు." ఇలా అనేవాళ్లను నేను మొదట అడిగేది, దేనిమీద పెట్టి విన్నారు అని. ఈ మైకులో సగం కంపెనీవాళ్లు ఇస్తారు, మిగతా సగం మీరు ఎంచుకునే ఉపరితలం. 100 హెర్ట్జ్ తరంగం పొడవు 3.4 మీటర్లు. 60 సెంటీమీటర్ల పలకను గాల్లో వేలాడదీసి దానికి మైకు అంటిస్తే, అంత పెద్ద తరంగం పలకను పట్టించుకోకుండా చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది, కింది ఫ్రీక్వెన్సీల్లో ఆ 6 డీబీ లాభం పోతుంది, బేస్ సన్నబడినట్టు వినిపిస్తుంది. చిన్న టేబుల్ మీద పెట్టినా అంతే. అదే మైకును హాలు నేలమీదో పెద్ద గోడమీదో పెట్టి వినండి, బేస్ ఎక్కడికీ పోదు. కార్పెట్ ఉంటే దానిమీద నేరుగా పెట్టకండి, అది పై ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. ఒక ప్లైవుడ్ ముక్క పరిచి దానిమీద పెట్టండి, కింద నేల ఎలాగూ ఉంది కాబట్టి బేస్‌కి ఢోకా లేదు.

"గదంతా లాగేస్తాయి." ఇందులో సగం నిజం ఉంది. నేరుగా వచ్చే శబ్దానికి 6 డీబీ కలిస్తే, అన్ని వైపుల నుంచీ చెల్లాచెదురుగా వచ్చే రివర్బ్‌కి, అంటే గది ప్రతిధ్వనికి, 3 డీబీయే కలుస్తుంది. ఆమ్నీ మైకును (అన్ని వైపులా ఒకేలా వినేది) 1 మీటరు దూరంలో పెడితే వచ్చే పొడి తడి పాళ్లు, అంటే నేరుగా వచ్చే శబ్దానికీ గది శబ్దానికీ మధ్య నిష్పత్తి, బౌండరీతో 1.4 మీటర్ల దగ్గర, కార్డియాయిడ్‌తో (ముఖ్యంగా ముందువైపు వినేదానితో) 1.7 మీటర్ల దగ్గర వస్తాయి. అంటే ఆమ్నీ కంటే తక్కువ గది, కార్డియాయిడ్ కంటే ఎక్కువ గది. గది చెడ్డదైతే చెడ్డగానే వినిపిస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే. అలాంటి చోట హాఫ్-కార్డియాయిడ్ అనే, ముందువైపే ఎక్కువ వినే రకం బౌండరీలు ఉన్నాయి, అవి వాడండి. మామూలు రకంతో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే, పక్కనుంచి పాడినా ఎదురుగా పాడినా గొంతు రంగు దాదాపు మారదు. కోరస్‌లో ఇరవై మంది కుదురుగా నిలబడరు కదా!

స్టీరియో విషయం ఒక్క మాటలో తేలిపోతుంది. ఒక పలకను నిలబెట్టి రెండు వైపులా చెరొక మైకు అంటిస్తే, పలకే రెండు చెవుల మధ్య తలలా అడ్డుపడి ఎడమ కుడి వేరవుతాయి. క్రౌన్ వాళ్ల సాస్ స్టీరియో మైకు కూడా ఇలాంటి ఆలోచనే.

ఇక "కిక్ డ్రమ్ లోపల తప్ప." కిక్ లోపల ష్యూర్ బీటా 91ఎ, సెన్‌హైజర్ ఈ 901 లాంటివి దిండు మీద పెట్టి బీటర్ (పెడల్‌తో డ్రమ్‌ని కొట్టే సుత్తి) తగిలే చప్పుడు పట్టడం అందరికీ తెలిసిందే. అక్కడే ఆగిపోవడమే నాకు బాధ.

పియానో తీసుకోండి. మూత కింద మైకు పెడితే మూత నుంచి తిరిగొచ్చే శబ్దం పాడుచేస్తుందని అందరం తంటాలు పడతాం. బౌండరీని ఆ మూతకే లోపలివైపు అంటించేస్తే మూతే మైకులో భాగమైపోతుంది. ఒకటి బేస్ తీగల మీద, ఒకటి పై స్వరాల తీగల మీద. చప్పుడు మరీ పొడుచుకొస్తుంటే సుత్తుల నుంచి దూరంగా జరపండి. డ్రమ్స్‌తో కలిపి ఒకే గదిలో వాయించాల్సి వచ్చిన రోజున నేను మూత పూర్తిగా మూసేసి పైన దుప్పటి కప్పాను. కాస్త డబ్బాలో వాయించినట్టు ఉన్నా పాటలో ఇమిడిపోయింది, డ్రమ్స్ చాలా తక్కువ దూరాయి. టేపు తీసేటప్పుడు మాత్రం పాలిష్ ఊడకుండా మెల్లగా లాగండి.

గిటార్ ఆంప్ నేలమీద ఉంటే, ముందు అర మీటరు దూరంలో నేలమీదే ఒకటి పెట్టండి. దగ్గరి మైకుకి ఇది ఒళ్లు ఇస్తుంది. ట్యాప్ డాన్స్ అయితే దీనికి మించింది నాకు దొరకలేదు, కాకపోతే నేల వణుకు లోపలికి రాకుండా కింద పల్చని ఫోమ్ వేయాలి. డ్రమ్మర్ ఛాతీకి టేపు వేసి అంటించడం కూడా ఉంది. అతని చెవికి వినిపించే బ్యాలెన్స్‌కి దగ్గరగా వస్తుంది, హైహ్యాట్ ఒక వైపు, ఫ్లోర్ టామ్ ఒక వైపు, మధ్యలో స్నేర్. చొక్కా రాపిడి వినిపిస్తే చొక్కా మార్చమనడమే.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది గది మూల. రెండు గోడలూ నేలా కలిసే చోట లాభం 18 డీబీ దాకా వస్తుంది, గదిలోని రెసొనెన్సులన్నిటికీ అక్కడే పీడనం ఎక్కువ. డ్రమ్స్ వాయిస్తున్నప్పుడు అక్కడ ఒకటి పెట్టి, గట్టిగా కంప్రెస్ చేసి (పెద్ద శబ్దాలకూ చిన్న శబ్దాలకూ తేడా తగ్గించి), మిక్స్‌లో కిందుగా కలిపి వినండి. బేస్ మరీ గుమ్మంటూ మోగితే మైకును మూల నుంచి గోడ వెంట ఒక అడుగు జరిపి మళ్లీ వినండి, ఇంకో అడుగు జరిపి మళ్లీ వినండి.