ముగ్గులోకి దిగిన పాచిక

బల్ల చుట్టూ కూర్చుని, వీరుడనో మాంత్రికుడనో తలా ఒక పాత్ర వేసుకుని, పాచికలు విసురుతూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో బయటికి తెచ్చారు. బెంగళూరు మారతహళ్లిలో బాల్కనీ గ్రిల్లు సందులు ఎంత వెడల్పుంటాయో పాపం వాళ్లకేం తెలుసు? బల్ల మీంచి ఎగిరి, గ్రిల్లు దాటి, కింద వాకిట్లో పడిన పాచిక చెల్లుతుందా చెల్లదా అన్నది మా దగ్గరున్న పుస్తకంలో ఎంత వెతికినా దొరకలేదు.

ఇలాంటి చోట్లే సొంత నియమాలు కావాలి. వాటిని తీరిగ్గా కూర్చుని ఎవరూ రాయరు. ఏదో ఒక ఆదివారం గొడవవుతుంది, ఆ సాయంత్రానికి ఒక నియమం పుడుతుంది. మిరపకాయ బజ్జీ తిన్న చేత్తో పాచిక ముట్టరాదన్నది అలా పుట్టిందే. మా డంజన్ మాస్టర్‌ది ఒంగోలు. కథ నడిపేదీ, రాక్షసులను ఆడించేదీ, తీర్పు చెప్పేదీ అతడే. పాచిక ఎక్కడ పడినా సరే, చెయ్యి తగలకముందు పైన కనిపించే అంకే లెక్క అని శాసనం చేసిందీ అతడే. దాని పుణ్యమా అని సోఫా కింద టార్చి వేసుకుని, బోర్లా పడుకుని అంకెలు చదివిన రోజులున్నాయి.

ఆ రోజు ఎర్ర డ్రాగన్ మీద ఆఖరి వేటు. మా వీరుడు బ్యాంకు ఉద్యోగి. వేటుకు విసిరేది ఇరవై ముఖాల పాచిక. 20 పడితే దెబ్బ తగిలి తీరుతుంది, నష్టం తేల్చే పాచికలు రెట్టింపవుతాయి. 1 పడితే గురి తప్పుతుంది. పుస్తకం అంతటితో వదిలేస్తుంది గానీ మా మాస్టర్ వదలడు, కత్తి జారి సొంత కాలి మీద పడాల్సిందే.

వీరుడు ఆవేశంగా విసిరాడు. పాచిక గ్రిల్లు దాటింది. అందరం మెట్ల మీద పడి పరుగెత్తాం. ఇంటి ఓనరు ఆంటీ వేసిన ముగ్గు పక్కన వాచ్‌మన్ దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

“ముట్టుకున్నావా!” అని మాస్టర్ గావుకేక.

“ఇరవై అని ఉంది సార్, ఇదిగో.”

వీరుడు గంతేశాడు. మా మాంత్రికుడు మాత్రం, ఆడిటర్ కదా, పాచికను వెలుతురులో పెట్టి చూశాడు. 20 అంకె గాడిలో మాత్రమే తెల్లగా ముగ్గుపిండి కూరుకుని ఉంది. అంటే నేలకు ఆనింది ఆ ముఖమే. ఈ పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే 21. కాబట్టి పైన ఉన్నది ఒకటి!

“దొర్లేటప్పుడు అంటుకుంది!” అన్నాడు వీరుడు. అయితే దొర్లించి చూద్దామన్నారు. అందరం ముగ్గులో గొంతుక్కూర్చుని దొర్లించాం.

“ఏం పోయింది బాబూ, చెవికమ్మా?” అంటూ ఆంటీ బయటికి వచ్చారు.

“డ్రాగన్ బతికిపోయింది ఆంటీ” అన్నాడు వీరుడు ఏడుపు గొంతుతో.

ఆవిడ చూపు మా చెప్పుల మీదికి దిగింది. పొద్దున్నే వేసిన పదిహేను చుక్కల ముగ్గు నామరూపాల్లేకుండా పోయింది. మాట్లాడకుండా లోపలికి వెళ్లి, పిండి డబ్బా తెచ్చి వీరుడి చేతిలో పెట్టారు. “తొక్కినవాళ్లే వేయండి.”

ఆ తీర్పుకు మాస్టర్ కూడా ఎదురు చెప్పలేదు. చుక్కలు మూడో వరుసకే గేటు వైపు వంకరపోయాయి. “ఈ మెలిక సరిగ్గా తిరగాలంటే పద్దెనిమిదికి తగ్గకుండా పడాలి” అంటూ మాంత్రికుడు పాచిక పైకెత్తాడు. ఆంటీ చెయ్యి చాచి దాన్ని తీసుకుని, కొంగున ముడేసుకున్నారు.