బొమ్మ మీద చెయ్యి పెట్టి అడగండి

మా బడిలో రెండో తరగతి పిల్లాడొకడు తెలుగు పుస్తకం తెరిచి, లైను కింద వేలు పెట్టుకుని గడగడా చదివేస్తాడు. చూచిరాత అయితే ముత్యాలే. వాళ్ల నాన్న వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు చూపించి నేనూ మురిసిపోయాను. ఒకరోజు ఎందుకో అనుమానమొచ్చి బొమ్మ మీద అరచెయ్యి అడ్డంపెట్టి, పాఠం మధ్యలో ఒక మాట చూపించి "ఇదేంట్రా?" అన్నాను. వాడి వేలు మెల్లగా మొదటి లైనుకు పోయింది. అక్కణ్నుంచి మొత్తం అప్పజెప్పుకుంటూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగి, "పలక సార్" అన్నాడు.

వాడు చదవట్లేదు. పాఠం నోటికొచ్చు, అంతే.

తప్పు వాడిది కాదు, నాది. పుస్తకం మాటలతోనే మొదలవుతుంది. అయినా అలవాటు కొద్దీ మేము అ నుంచి ఱ దాకా దిద్దిస్తాం, తర్వాత గుణింతాలు, ఆ తర్వాత వత్తులు. మాట దగ్గరికొచ్చేసరికి ఏడాది గడిచిపోతుంది. ఙ, ఞ దిద్దించిన రోజులు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ వయసు పిల్లాడు వాటితో చదవబోయే మాట ఒక్కటి చెప్పండి చూద్దాం! అదే ప, ల, క, త, వ ఐదూ నేర్పితే పలక, తల, వల, కల, కలత వచ్చేస్తాయి. గుడులూ కొమ్ములూ ఏవీ అక్కర్లేదు. (కలత వాడికెందుకు లెండి, అది మనకు.)

ఇంకోటి. షాపులో కొన్న చార్టు గోడకు పెట్టాం. సొరకాయ బొమ్మ చూపిస్తే పిల్లలంతా "ఆనిగెపుకాయ" అని అరిచారు. వాళ్లింట్లో అనేది అదే మరి. తండా నుంచి వచ్చే నలుగురికైతే ఆ మాట కూడా కొత్తే, ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ఆరేళ్ల పిల్లకి తెలుగు మాట, తెలుగు అక్షరం, పైన మా తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి వచ్చిన ఇంగ్లిష్ మీడియం, మూడూ ఒకేసారి. ఇంగ్లిష్ కావాలని తల్లిదండ్రులు అడగడంలో తప్పేం లేదు. కానీ పునాది ఎవరు తవ్వుతారు?

పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు పరీక్షించే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలోని గ్రామాల్లో ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 ఉండేది కాబట్టి పెరిగిందని సంబరం. నలుగురిలో ముగ్గురు చదవలేకపోవడం కూడా సంబరమేనా? చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు వచ్చేయాలని మా రాష్ట్రానికి తొలిమెట్టు కార్యక్రమం ఉంది, దేశానికి నిపుణ్ భారత్ ఉంది. రెండింటి ఆలోచనా మంచిదే, నేనేం వెటకారం చేయట్లేదు. కానీ అయిదు తరగతులకు ఒక్కణ్ని నేను. విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. మా బడిలో పిల్లలు 17 మంది. పదిహేడుకీ ఇద్దరే కదా లెక్క! ఒకటో తరగతికి అక్షరాలు చెప్తుంటే అయిదో తరగతి వాళ్లు గుడ్డు ఎప్పుడు సార్ అంటారు. మధ్యలో ఫోన్లో హాజరు, భోజనాల లెక్క, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో ఎక్కించే యాప్. స్థాయి ఎక్కించే టైములో ఒకణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించొచ్చు.

అన్నట్టు, కథల పుస్తకాలు లేవని మాత్రం అనను. బీరువాలో ఉన్నాయి, తాళంతో సహా. చిరిగిపోతే లెక్క చెప్పాలన్న టెన్షన్‌తో మూడేళ్లు నేనే తాళం వేశాను. పోయిన నెల కిటికీ ఊచలకు తాడు కట్టి పుస్తకాలన్నీ వేలాడదీశాను. రెండు చిరిగాయి. ఒకదాని అట్ట కనబడట్లేదు. కానీ అన్నం తిన్నాక ఆ కిటికీ దగ్గర గొడవ పడుతున్నారు, నాకంటే నాకని. మన పలకగాడు అక్కడ బొమ్మలే చూస్తున్నాడనుకున్నా. మొన్న "వల" అని తనంతట తనే కూడబలుక్కున్నాడు, ఆ పేజీలో చేప బొమ్మ కూడా లేదు.

రేపు కాంప్లెక్స్ మీటింగు, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లమంతా కలిసేది. పిల్లలతో చదివించడం ఎలా అనే దాని మీదే. నేను వెళ్లాలి. పక్కూరి నుంచి ఎవరినైనా పంపితే సరే, లేకపోతే బడికి తాళమే.