ఐపీఎస్ అయితే సరే, కానిస్టేబుల్ అయితే?

డిటెక్టివ్ నవల ముగించిన వారానికే హంతకుడెవరో మర్చిపోయే రకం నేను. ఎలీ గ్రిఫిత్స్ రాసిన 'బ్లీడింగ్ హార్ట్ యార్డ్' (2022) విషయంలోనూ అదే జరిగింది. మర్చిపోలేనిది మాత్రం హర్బిందర్ కౌర్‌ని. ససెక్స్ తీరంలోని షోరమ్‌లో కొట్టు నడుపుకునే పంజాబీ దంపతుల కూతురు. అంతకుముందు రెండు నవలల్లో సార్జెంట్. ఇందులో డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌గా ప్రమోషన్ వచ్చి, లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో హత్యకేసుల బృందానికి పెద్దగా అడుగుపెడుతుంది.

అడుగుపెట్టగానే తగిలిన కేసు చూడండి. చెల్సీలోని ఒక స్కూల్లో పాత విద్యార్థుల కలయిక. అదే రాత్రి అక్కడ ఒక ఎంపీ శవమై కనిపిస్తాడు. ఆ పార్టీకి వెళ్లిన పూర్వ విద్యార్థుల్లో హర్బిందర్ కింద పనిచేసే సార్జెంట్ కాసీ కూడా ఉంది. పైగా స్కూలు రోజుల్లో ఒక కుర్రాడి చావుకి తనూ కారణమేనన్న భారం ఆమె మోస్తోంది. కొత్త బాసుకి తన బృందం మీద నమ్మకం కుదరకముందే, అందులో ఒకరిని సాక్షిగా, బహుశా అనుమానితురాలిగా చూడాల్సి వస్తుంది. నవలకి ప్రాణం పోసింది ఈ ఇరకాటమే. ఎంపీని ఎవరు చంపారన్నది దాని తర్వాతే. పేరులోని బ్లీడింగ్ హార్ట్ యార్డ్ లండన్‌లో హాటన్ గార్డెన్ పక్కన నిజంగా ఉంది. డికెన్స్ 'లిటిల్ డారిట్'లోనూ వస్తుంది. కథకి అది అలంకారమే తప్ప అంతకు మించి కాదని నా అభిప్రాయం.

రచయిత్రి అసలు పేరు డొమెనికా డి రోసా. పంజాబీ కాదు. వంటింట్లో తల్లి అస్తమానం ఏదో ఒకటి వండుతూనే ఉండటం చూస్తే ఆ సంగతి కొంత తెలిసిపోతుంది. అయినా మొదటి నవల 'ద స్ట్రేంజర్ డైరీస్'లో ముప్పై అయిదేళ్ల హర్బిందర్ ఇంకా అమ్మానాన్నల దగ్గరే ఉంటూ, తాను ప్రేమించేది ఆడవాళ్లనేనని వాళ్లకి చెప్పలేకపోయే తీరు నిక్కచ్చిగా పట్టుకుంది. 2020లో ఆ నవలకి, అమెరికాలో మిస్టరీ రచనలకిచ్చే ఎడ్గర్ అవార్డు ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు.

ఇంతకీ ఈ నవల గురించి బ్రిటన్ తెలుగువాళ్ల మన పత్రికలో ఎందుకంటే, 'కొత్తగా ప్రమోషన్' అన్న మాట దగ్గర మనం తడబడతాం కనుక. పోలీసమ్మ అనగానే మన కళ్ల ముందు నిలిచేది 1990 నాటి 'కర్తవ్యం', అందులో వైజయంతి ఐపీఎస్‌గా విజయశాంతి. జాతీయ అవార్డు తెచ్చిన పాత్ర. వైజయంతి జీపు దిగేటప్పటికే అధికారి. నిజానికీ ఇండియాలో మన పద్ధతి అదే. సివిల్స్ రాసి, హైదరాబాదులోని నేషనల్ పోలీస్ అకాడమీలో శిక్షణ పూర్తిచేసుకుంటే, కానిస్టేబుల్ బట్టలు ఒక్కరోజు కూడా తొడక్కుండా ఏఎస్పీ అయిపోవచ్చు. అందుకే కూతురు ఐపీఎస్ అంటే ఊరంతా ఫ్లెక్సీలు. కానిస్టేబుల్ అంటే సంబంధాలు రావు.

బ్రిటన్‌లో ఆ పక్కవాకిలి లేదు. బయటివాళ్లని నేరుగా సూపరింటెండెంట్ స్థాయిలో చేర్చుకునే పథకం 2014లో పెట్టారు, తర్వాత ఇన్‌స్పెక్టర్ స్థాయికీ తెచ్చారు కానీ కొన్నేళ్లకే ఆపేశారు. నేరుగా డిటెక్టివ్‌గా చేరే దారి మెట్ (లండన్ మెట్రోపాలిటన్) పోలీసు 2017లో తెరిచింది. సంతోషించేలోపు ఒక మాట: ఆ దారిలోనూ చేరేది కానిస్టేబుల్ ర్యాంకులోనే. ఇక్కడ డిటెక్టివ్ అన్నది పని పేరే తప్ప పై మెట్టు కాదు. హర్బిందర్ ఇన్‌స్పెక్టర్ అయిందంటే దాని వెనక శనివారం రాత్రుల తాగుబోతులు, తలుపు తట్టి చావుకబురు చెప్పడాలు, సార్జెంట్ పరీక్ష, ఇన్‌స్పెక్టర్ పరీక్ష అన్నీ ఉన్నట్టే లెక్క. కొత్త కుర్చీలో ఆమె బెరుకు, ఆమె పొగరు రెండూ అక్కడినుంచి వచ్చినవే. వైజయంతికి ఆ బెరుకు ఉండే అవకాశమే లేదు.

ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్‌లో మనవాళ్లు ఉన్నారు, ఐటీలో చెప్పనక్కర్లేదు, ఈమధ్య కౌన్సిలర్లూ అవుతున్నారు. మన అమ్మాయి ఎవరైనా పోలీసులో చేరతానంటే మాత్రం "అదేం ఖర్మమ్మా, చక్కగా లా చదవరాదూ" అనే పిన్నులు, బాబాయిలు ఏ ఉగాది వేడుకలోనైనా దొరుకుతారు. వాళ్లని ఎగతాళి చెయ్యను. ఆ భయానికి చరిత్ర ఉంది. ఈ దేశంలో తొలి ఆసియా మహిళా పోలీసు కర్పాల్ కౌర్ సంధు 1971లో బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగంలో చేరింది. 1973లో భర్త చేతిలోనే హతమైంది. ఇంటి నుంచి వచ్చే ముప్పు అలా ఉంటే, ఆఫీసు నుంచి వచ్చేది ఇంకోటి. 2021లో సారా ఎవరార్డ్ అనే లండన్ యువతిని ఒక మెట్ పోలీసే చంపాక విచారణ జరిపిన లూయీస్ కేసీ, 2023 మార్చిలో ఇచ్చిన నివేదికలో ఆ సంస్థలో జాత్యహంకారం, స్త్రీద్వేషం, స్వలింగ ప్రేమికుల పట్ల ద్వేషం వ్యవస్థాగతంగానే ఉన్నాయని తేల్చి చెప్పింది. ఆ మూడూ తగిలేది హర్బిందర్ లాంటి మనిషికే. నవల ఈ విషయంలో కాస్త మెత్తగా పోయింది. తోటివాళ్ల వెక్కిరింపుల్ని చురకలతో దాటించేస్తుంది. మంచి హాస్యమే, కానీ నాకు ఇంకొంచెం చేదు కావాలనిపించింది.

అయితే భయం ఒక్కటే మన కారణమైతే, అదే కూతురు ఐపీఎస్ అవుతానంటే ఆ భయం ఎటు పోతుంది? అక్కడ మాత్రం తుపాకులు, బదిలీలు, రాజకీయ నాయకులు లేరా? మనకి అడ్డొచ్చేది ప్రమాదం కాదు, కింది మెట్టు. కౌంటర్ దగ్గర నిలబడి సరుకులు అమ్మిన హర్బిందర్ తల్లిదండ్రులకి ఆ నామోషీ అంతగా ఉన్నట్టు కనిపించదు. చదువుకుని వీసా మీద వచ్చిన మనకే ఎక్కువ.

తెలుగులోనూ డిటెక్టివ్ అంటే కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌తో, అతని అసిస్టెంట్ రాజుతో పెరిగిన తరం మనది. ప్రైవేటు డిటెక్టివుకి మెట్లూ లేవు, పై అధికారీ లేడు. పాతికేళ్ల తెలుగమ్మాయి లెస్టర్‌లోనో రెడింగ్‌లోనో నైట్ షిఫ్ట్ దిగి, ఇంటికొచ్చి ఆవకాయన్నం తిని పడుకునే నవల మనవాళ్లలో ఎవరైనా రాస్తే మొదటి కాపీ నేను కొంటాను.

ఈలోపు మన తెలుగు సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. పిల్లల కెరీర్ సదస్సుకి ఏటా సర్జన్‌నీ సాఫ్ట్‌వేర్ డైరెక్టర్‌నీ పిలుస్తారు కదా, ఈసారి ఒక పోలీసమ్మాయిని కూడా పిలవండి. ఇన్‌స్పెక్టర్‌ కోసం వెతక్కండి, ప్రొబేషన్‌లో ఉన్న కానిస్టేబుల్ అయితే చాలు.