చూడనివారికి శిక్ష సరే, చూసేవారి మాటేమిటి?

వృద్ధులైన తల్లిదండ్రులను వదిలేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2007 నాటి చట్టం మాట ఇది. అలా వదిలేసే ఉద్యోగుల జీతంలో కోత పెట్టాలన్న ఆలోచన కూడా ఆ మధ్య మన తెలంగాణలో వినబడింది. మంచిదే. మరి వదిలేయకుండా రాత్రింబవళ్లు కాపలా కాస్తున్న మనిషి సంగతి?

కోరుట్లలో మా బంధువుల ఇంట్లో అత్తగారికి డిమెన్షియా, అంటే జ్ఞాపకం, తెలివిడి క్రమంగా పోయే జబ్బు. జన్మంతా బీడీలు చుట్టిన చేతులు. ఇప్పుడు చీర కొంగును తునికాకులా చుట్టి, కట్టడానికి దారం కోసం ఒళ్లంతా తడుముకుంటుంది. పొద్దు వాలగానే ‘మా ఇంటికి పోతాను’ అని లేస్తుంది. ఉన్నది ఆమె ఇంట్లోనే. కోడలు తలుపుకు చేయి అందనంత ఎత్తులో గొళ్లెం పెట్టించింది. ‘ఈ వేళకు బస్సు లేదు అత్తమ్మా, తెల్లవారి వెళ్దాం’ అని రోజూ అదే అబద్ధం చెబుతుంది. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే కోడలు ఇప్పుడు మూడు వందలు దాటడం లేదు. పోయిన ఆ కూలి ఎవరికీ పట్టలేదు.

దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, ఈ జబ్బు ఉందని అంచనా. పూర్తిగా నయం చేసే మందు లేదు. వరంగల్ తీసుకెళ్తే డాక్టరు మాత్రలు రాస్తాడు. స్నానం, తిండి, కాపలా, ఓపిక అన్నీ ఇంటికొచ్చాక కోడలి వంతే. అసలు వైద్యం అదే.

అందుకే అడుగుతున్నాను, ఆమెకు పింఛను ఇవ్వండి. అత్తగారి పేరు మీద కాదు, ఆమె పేరు మీదే. తెలంగాణకు ఇదేమీ కొత్త విద్య కాదు. బీడీ కార్మికులు, ఒంటరి మహిళలు, బోదకాలు బాధితులు, డయాలసిస్ రోగులు... ఒక్కొక్కరినీ ఆసరా పింఛన్ల జాబితాలో చేర్చుకుంటూ వచ్చిన రాష్ట్రం ఇది. మంచం పట్టినవారిని చూసుకునేవారికి కేరళ ఆశ్వాసకిరణం పేరుతో నెలకు 600 రూపాయలు కేటాయించింది. ఏ మూలకూ రాని మొత్తమే, కానీ చేసేది పని అని ఒప్పుకుంది. పింఛనుతో పాటు వారానికి ఒక పూటైనా రోగి దగ్గర కూర్చునే శిక్షణ పొందిన మనిషి మండలానికొకరు ఉంటే, కోడలు కంటినిండా నిద్రపోతుంది.

కన్నవారి సేవకు ఖరీదు కడతారా, కుటుంబ బంధాలు ఏం కావాలి అని కొందరు పెద్దలు అంటారు. ఖజానా మాట ఎత్తేవారూ ఉన్నారు. ఖజానా వాదన వినదగ్గదే, దాని మీద బేరమాడవచ్చు. బంధాల గురించి ఉపన్యాసమిచ్చేవారిని మాత్రం ఒక్క రాత్రి ఆ గొళ్లెం పక్కన కూర్చోమంటాను.

నిజానికి ఇది ఒక్క జబ్బు గొడవ కాదు. ఇంట్లోవారి సంరక్షణ చూసే 15-59 ఏళ్ల వారిలో ఆడవారు అందుకు రోజుకు సుమారు 140 నిమిషాలు, మగవారు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2024 సమయ వినియోగ సర్వే తేల్చింది. కొలవడం వచ్చిన ప్రభుత్వానికి కూలి కట్టడం రాదా? 2027 జనగణనలో గణకులు కోరుట్లకూ వస్తారు. ఏం పని చేస్తావమ్మా అని అడుగుతారు. ‘బీడీలు చుడతాను’ అంటుంది కోడలు. ఆ మూడు వందల బీడీలు లెక్కలోకి ఎక్కుతాయి.