ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రం గారికి ఒక అభిమాని విన్నపం

మహారాజశ్రీ ముఖచిత్రం గారికి,

ఉభయకుశలోపరి. మీ కుశలం అడగనక్కర్లేదనుకోండి. మీకు చెమట పట్టదు, జలుబు చేయదు, మోచేతుల మీద నలుపు ఉండదు. మా పార్లర్‌లో వంతు వచ్చేదాకా మీ పాత సంచికలు చూడ్డమే పని కాబట్టి, నాలుగు ముక్కలు రాస్తున్నాను.

2003లో బ్రిటిష్ జీక్యూ పత్రిక 'టైటానిక్' హీరోయిన్ కేట్ విన్స్‌లెట్‌ని కంప్యూటర్‌లోనే సన్నం చేసింది. నేనలా ఉండను, ఉండాలనీ లేదు అని ఆవిడే చెప్పేసింది. ఎవరి కాళ్లు వాళ్లు గుర్తుపట్టలేరనుకున్నారా? మీ విద్య మా ఊరిదాకా వచ్చింది. మా వార్డు నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలో ఆయన ఎంత తెల్లబడ్డాడంటే, పక్కనున్న సొంత తమ్ముణ్ణి పరాయివాడనుకున్నాం.

2007 అక్టోబర్‌లో వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక ఇండియా ఎడిషన్ తొలి సంచిక వచ్చింది. ప్రియాంకా చోప్రా, బిపాసా బసు ఉన్నారు, సంతోషం. వాళ్లతో ఆస్ట్రేలియా మోడల్ జెమ్మా వార్డ్ ఎందుకండీ? పెళ్లి ఫొటోలో కలెక్టరు గారిని నిలబెట్టినట్టు!

మీ ఖర్చూ తక్కువేం కాదు. ఒక్క సెప్టెంబర్ సంచిక ఫొటోలకు 150 మంది పనిచేశారనీ, ఇరవై దాకా విమాన ప్రయాణాలయ్యాయనీ వోగ్ ఇటాలియా ఎడిటరే లెక్క చెప్పి, 2020 జనవరి సంచికకు ఫొటోలు మానేసి బొమ్మలు గీయించాడు. అంతమందిలో ఒక్కరికీ ముఖచిత్రం మీది అమ్మాయిని కాస్త నవ్వమందామని తోచదా?

ఇక బట్టలు. ముందునుంచి చూస్తే ఎక్కడా ముడత ఉండదు. వెనక మాత్రం మెడ నుంచి నడుము దాకా వరసగా క్లిప్పులు! శాంపిల్ సైజులో, అంటే నమూనాగా కుట్టిన ఒకే కొలతలో, వచ్చిన డ్రెస్ వదులైతే వీపు మీద కుదించి పట్టేస్తారు, చాలకపోతే జిప్ తెరిచే వదిలేస్తారు. మా టైలర్‌కి ఈ సదుపాయం లేదు. చంక దగ్గర పట్టేసిందంటే, "మీరే ఒళ్లు చేశారమ్మా" అంటాడు.

మీ ఇంట్లోనూ ఒకసారి అలాగే జరిగింది. 1988 నవంబర్‌లో కొత్త ఎడిటర్ అన్నా వింటూర్ అమెరికన్ వోగ్‌కి చేసిన మొదటి ముఖచిత్రం. మోడల్ మికేలా బెర్కు సెలవులకు ఇంటికెళ్లి కొంచెం ఒళ్లు చేసి వచ్చింది. ఫ్రెంచ్ డిజైనర్ లక్రువా చేసిన ఖరీదైన జాకెట్ పట్టింది గానీ జతగా వచ్చిన స్కర్టు పట్టలేదు. సరే, 50 డాలర్ల జీన్స్ వేశారు. వీధిలో నడుస్తోంది, జుట్టు గాలికి చెదిరింది, పొట్ట కొంచెం కనబడుతోంది, కళ్లు సగం మూసుకుపోయాయి. అది ముఖచిత్రం కోసం తీసిన ఫొటో కూడా కాదు. పత్రిక అచ్చువేసే ప్రెస్ వాళ్లు కంగారుపడి, పొరపాటున పంపలేదు కదా అని ఫోన్ చేశారట. మీ వంశంలో నాకు నచ్చిన మనిషి ఆ అమ్మాయే.

మళ్లీ ఎవరికైనా స్కర్టు పట్టనప్పుడు ఒక కార్డు ముక్క రాయండి. ఆ నెల సంచిక కొనుక్కుంటాను.

ఇట్లు,
మిమ్మల్ని ఇంతవరకూ డబ్బిచ్చి కొనని వీరాభిమాని