టెండరు పత్రంలోనే తేలాలి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తూ వచ్చిన భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. తరువాతి కూర్పు విండోస్ 11 నడవాలంటే కంప్యూటరులో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు ఆ సంస్థ జాబితాలో చోటు దక్కిన ప్రాసెసర్ కూడా ఉండాలి. 2018కి ముందు వచ్చిన ప్రాసెసర్లలో అత్యధికం ఆ జాబితాలో లేవు. ప్రభుత్వ పాఠశాలల ల్యాబుల్లోని పాత యంత్రాలు ఈ కారణంగా మూలనపడితే, అవి చెడిపోయి కాదు, ఒక సంస్థ వ్యాపార నిర్ణయం వల్ల పడినట్టు. ఉచితంగా దొరికే లినక్స్ ఆధారిత నిర్వాహక వ్యవస్థ (ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే వాటిలో చాలావరకు మరికొన్నేళ్లు పాఠాలకు పనికొస్తాయి.

కేరళకు ఈ చర్చ కొత్తది కాదు. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదలైనప్పుడు ఒకే కంపెనీ ఉత్పత్తుల చుట్టూ పాఠ్యాంశాలు అల్లడాన్ని ఉపాధ్యాయ సంఘాలు ప్రశ్నించాయి. ఆ దశాబ్దం మధ్య నుంచి బోధన, పదో తరగతి ఐటీ పరీక్ష క్రమంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి, అంటే మూల కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకుని, పంచుకోగల బహిరంగ సాఫ్ట్‌వేర్ మీదికి మారాయి. ఆ పథకమే 2017లో కైట్ అనే ప్రభుత్వ సంస్థగా రూపుదిద్దుకుంది. 2018లో మొదలైన హైటెక్ స్కూల్ పథకం 8 నుంచి 12వ తరగతి వరకు 45,000 గదులకు ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ సమకూర్చింది. ఉబుంటు అనే లినక్స్ రకం ఆధారంగా కైట్ తయారుచేసుకున్న వ్యవస్థలో గణితానికి జియోజీబ్రా, కార్యాలయ పనులకు లిబ్రె ఆఫీస్, బొమ్మలకు గింప్, మలయాళం రాసే ఉపకరణాలు ముందే అమర్చి ఉంటాయి. దీనివల్ల వేల కోట్ల లైసెన్సు ఖర్చు తప్పిందని అధికారులు చెబుతుంటారు. ఆ లెక్క కట్టిన పద్ధతిపై వాదించేవారు ఉండవచ్చు గానీ, కేరళ అసలు సంపాదన డబ్బులో లేదు. ఉపాధ్యాయులనే శిక్షకులుగా తీర్చిదిద్దడంతో, సాంకేతిక చిక్కు వచ్చిన ఉపాధ్యాయుడు కంపెనీ ప్రతినిధి కోసం ఎదురుచూడకుండా తన జిల్లాలోని మరో ఉపాధ్యాయుణ్ని అడగగలుగుతున్నాడు.

మన అనుభవం ఇందుకు భిన్నం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కంప్యూటర్ విద్యను ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు. ఒప్పందం గడువు తీరగానే బోధకులు వెళ్లిపోయారు, ఎన్నో ల్యాబులకు తాళాలు పడ్డాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు ఆన్‌లైన్ పాఠాల సంస్థ బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. 2024 జులైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇందులో ఏ పార్టీ ప్రభుత్వాన్ని తప్పుపట్టాలన్నది వేరే చర్చ. పిల్లల పాఠం ఒక కంపెనీ ఆర్థిక స్థితిపై ఆధారపడే ఏర్పాటును ఏ ప్రభుత్వమూ చేయకూడదన్నది ఈ పత్రిక అభిప్రాయం. దేశమంతటి బడుల భారం బహిరంగ సాఫ్ట్‌వేర్ మోయలేదనే వాదనకు కేంద్ర ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక దీక్షాయే జవాబు. దేశమంతటా ఉపాధ్యాయులు వాడుతున్న ఆ వేదిక సన్‌బర్డ్ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది.

నిర్వాహక వ్యవస్థ ఒక్కటి మారితే చాలదు. తరగతి గదిలోని డిజిటల్ బోర్డు మీద ఉపాధ్యాయుడు శ్రమించి తయారుచేసుకున్న పాఠం ఆ బోర్డు కంపెనీ సొంత ఫార్మాట్లో భద్రమైతే, బదిలీపై వెళ్లిన బడిలో మరో కంపెనీ బోర్డు మీద అది తెరుచుకోకపోవచ్చు. లినక్స్‌తో పనిచేయించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేని ప్రింటరూ అంతే. తెలుగు విషయంలో ఈ ఇబ్బంది మనకు మరీ పాతది. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో అక్షరాలకు ఒకే సంకేతాలిచ్చే ప్రమాణం) కాని డీటీపీ ఫాంట్లలో కొట్టిన ప్రశ్నపత్రం వేరే కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల కుప్పగా కనిపించడం ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. మండలి, గిడుగు, రామభద్ర వంటి యూనికోడ్ ఖతులు బహిరంగ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా పాత ఫాంట్లకే అంటిపెట్టుకోవడానికి అలవాటు తప్ప మరో కారణం కనిపించదు.

ఉద్యోగాలకు మైక్రోసాఫ్ట్ ఆఫీస్ రావాలి కదా అని తల్లిదండ్రులు అడగడం సహజమే. ఒక స్ప్రెడ్‌షీట్‌లో సూత్రం రాయడం నేర్చిన విద్యార్థికి మరో స్ప్రెడ్‌షీట్ కొత్త కాదు. ఎనిమిదో తరగతిలో చూసిన మెనూలు అతను ఉద్యోగంలో చేరేనాటికి ఎలాగూ మారిపోతాయి. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. శిక్షణ ఇవ్వకుండా లినక్స్ యంత్రాలను బడికి పంపితే, కొద్దిరోజుల్లోనే ఎవరో ఒకరు వాటిలో దొంగ విండోస్ వేసేస్తారు. కాబట్టి సాఫ్ట్‌వేర్‌పై మిగిలే సొమ్ములో కొంత భాగాన్ని మండల స్థాయిలో ఉపాధ్యాయ శిక్షకుల కోసం కేటాయించాలి.

ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ కొనుగోళ్లలో బహిరంగ సాఫ్ట్‌వేర్‌ను తప్పక పరిశీలించాలని, దాన్ని పక్కనపెడితే కారణం చూపాలని కేంద్రం 2015 విధానంలోనే చెప్పింది. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఇకపై పిలిచే టెండర్లలో ప్రతి కంప్యూటరు, ప్రొజెక్టరు, డిజిటల్ బోర్డు, ప్రింటరు లినక్స్ మీద పనిచేయాలని, పాఠాలు బహిరంగ ఫార్మాట్లలో ఉండాలని, ఒప్పందం ముగిశాక కూడా అవి శాఖ సొత్తుగానే మిగలాలని రాయాలి. ఆ షరతును సరఫరాదారు కాగితం మీద ఒప్పుకుంటే సరిపోదు, నమూనా పరికరాన్ని ముందుగా ఒక బడిలో నడిపి చూపించాలి. అప్పటిదాకా, పాత కంప్యూటర్లను తుక్కు కింద వేలం వేసే దస్త్రాలపై సంతకాలు ఆపి, వాటిలో ఎన్నింటిని తిరిగి నడిపించవచ్చో జిల్లాలవారీగా లెక్క తీయించాలి.